చల్లారావు కూర్చున్న చోటు

ఎర్రమిట్ట ఉన్నత పాఠశాల. చలువ దినచర్య పుస్తకం. రాసేవాడు కొమ్మవరపు దేవదానం, చలువ మాస్టారు. రోజుకు మూడు వాక్యాలకు మించి రాయకూడదని చలువ బోర్డు వారి నిబంధన. పదకొండేళ్లుగా ఈ పుస్తకాన్ని ఒక్కరూ తెరిచి చూసిన పాపాన పోలేదు కాబట్టి నా ఇష్టం వచ్చినంత రాస్తాను.

జూలై 7, సోమవారం. బయట 44 డిగ్రీలు. ఏడో తరగతి గదిలో 30.

తెల్లవారుజామున వచ్చి కిటికీలన్నీ బార్లా తెరిచాను. ఏడింటికి ఎండ మొదలవగానే మూసేశాను. వట్టివేళ్ల తడికలు తడిపాను. గదికి చలువ పంపే మంచుపెట్టె మీద చెవి పెట్టి విన్నాను, గురక వినిపించింది, అంటే ఈ రోజుకు బతికే ఉంది. ఏడో తరగతికి బోర్డు ఇచ్చిన చలువ కోటా రోజుకు నాలుగు గంటలు. తొమ్మిదింటికి విప్పితే ఒంటిగంటకు అయిపోతుంది. ఆ తర్వాత పిల్లలూ, గోడలూ, దేవుడూ.

పదింటికి బోర్డు బండి ఒక పెద్ద చెక్కపెట్టెను దించి వెళ్లింది. గాలిగొట్టానికి మూత పంపమని రెండేళ్లుగా రాస్తున్నాను, రాలేదు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు, ఆ మూత పంపలేని బోర్డు మాట్లాడే రబ్బరు మనిషిని పంపింది. దాని పేరు దేహమాపకం. పన్నెండేళ్ల పిల్లవాడంత ఎత్తు. కనుబొమలు ఉన్నాయి, ముక్కు లేదు. పొద్దున్నే మెడ వెనక రంధ్రంలో రెండు లీటర్ల నీళ్లు పోస్తే రోజంతా మనిషిలాగే చెమట పోస్తుంది. పది నిమిషాలకోసారి తన ఒంటికి ఎలా ఉందో పైకి చెబుతుంది.

దాంతో పాటు ఒక ఉత్తరం. ‘దీనిని పది పనిదినములు విద్యార్థిగా కూర్చుండబెట్టవలెను. ఒకసారి ముద్ర వేసిన పిదప కదల్చరాదు. దీని అనుభవమును బట్టి గది కోటా నిర్ణయింపబడును.’

మా హెడ్మాస్టారు చక్రధరరావు గారు ఉత్తరం రెండుసార్లు చదివి కళ్లజోడు తీశారు. “దేవదానం గారూ, బోర్డు పంపిన మనిషంటే మన బడికి అతిథి. అతిథిని ఎక్కడ పడితే అక్కడ కూర్చోబెడతామా?”

ఏడో తరగతి గదిలో స్వర్గం ఒకటే ఉంది. మొదటి బెంచీలో ఉత్తరం కిటికీ పక్క చోటు. తడిసిన తడిక మీదుగా గాలి అక్కడికే వస్తుంది, పైనున్న గొట్టం నుంచి చలువ సూటిగా అక్కడే దిగుతుంది. పుట్టినరోజు ఎవరిదైతే వాళ్లకు ఆ రోజు ఆ చోటు ఇవ్వడం మా బడి ఆనవాయితీ. అందుకే ముప్పై ఒక్క మంది ఉన్న ఈ తరగతిలో ఏడాదికి దాదాపు రెండు వందల పుట్టినరోజులు జరుగుతాయి.

అతిథిని అక్కడే కూర్చోబెట్టాం. తలవైపు హెడ్మాస్టారు, కాళ్లవైపు నేను పట్టుకున్నాం. ముద్ర కూడా నేనే వేశాను. నడుం పట్టేసింది.

జూలై 8, మంగళవారం. బయట 45. గదిలో 30.

పిల్లలు దానికి చల్లారావు అని పేరు పెట్టేశారు. ఆ తరగతిలో నలుగురు హిమజలు, ముగ్గురు తుషారలు, ఒక శీతల్, ఒక మంచుకొండ నాయుడు ఉన్నారు. ఎండలకు విసిగిపోయిన తల్లిదండ్రులు పెట్టుకున్న పేర్లు. వాళ్ల మధ్య చల్లారావు అనే పేరు చక్కగా కలిసిపోయింది. హాజరు పిలిచేటప్పుడు పొడుగు తుషార లేచి, “చల్లారావు వచ్చాడు సార్” అని చెప్పింది. తెలుగు మాస్టారు పరధ్యానంలో టిక్కు పెట్టేశారు.

ఆయనకే మధ్యాహ్నం అవమానం జరిగింది. కోటా అయిపోయాక, రెండింటి ప్రాంతంలో, ఆయన కళ్లు మూసుకుని పద్యం రాగం తీస్తుంటే చల్లారావు గంభీరంగా, “భరించలేకపోతున్నాను” అన్నాడు. పిల్లలు బెంచీల కింద దూరి నవ్వారు. మాస్టారు పుస్తకం మూసి నా గదికి వచ్చి, ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంతమాట ఎవరూ అనలేదని చెప్పుకున్నారు. అది పద్యం గురించి కాదండీ, ఉక్క గురించి అని నచ్చజెప్పాను. “మరి సరిగ్గా యతి దగ్గరే ఎందుకంది?” అన్నారు.

జూలై 9, బుధవారం. బయట 45. గదిలో 30.

పిల్లలు నవ్వడం మానేశారు. ఇప్పుడు జాలిపడుతున్నారు. నవ్వు కంటే ఇదే నయమనుకున్నాను.

మా బడి యూనిఫాంలో తడి తువ్వాలు భాగం, మెడ చుట్టూ వేసుకోవాలి. శీతల్ తన తువ్వాలు చల్లారావుకు వేశాడు. హిమజల్లో ఇద్దరు అట్టలతో విసురుతున్నారు. వంటామె మస్తానమ్మ బడికి నాకంటే పాతది, నన్ను కూడా మందలిస్తుంది. చల్లారావు చెమట చూసి ఆవిడ గుండె చెరువైంది.

“ఏందయ్యా దేవదానం, ఆ బిడ్డ అట్టా కారిపోతా ఉంటే ఉత్త నీళ్లు పోస్తారా? ఇంత మజ్జిగ పొయ్యండి.”

“అది బిడ్డ కాదు మస్తానమ్మా, రబ్బరు.”

“రబ్బరైతే దాహం కాదా?” అంటూ నేను చూస్తుండగానే మెడ వెనక రంధ్రంలో చెంబెడు మజ్జిగ పోసేసింది. చల్లారావు ఒక నిమిషం లోపల్లోపల గుడగుడలాడాడు. “లవణ శాతం పెరిగినది” అన్నాడు. కాసేపాగి, “నాకు హాయిగా ఉన్నది” అన్నాడు. తరగతంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను, అబద్ధం ఎందుకు.

జూలై 11, శుక్రవారం. బయట 46. గదిలో 30.

కొంప మునిగింది.

బోర్డు నుంచి మధ్యంతర నివేదిక వచ్చింది. ‘ఏడవ తరగతి గది సౌఖ్యము నూటికి తొంబదియారు. జిల్లాలో ప్రథమ స్థానము. అవసరమునకు మించి చలువ అందుచున్నందున కోటాను నాలుగు గంటల నుండి ఒక గంటకు తగ్గించుటకు ప్రతిపాదన.’ జిల్లాలో ప్రథమ స్థానం అన్న మాట దగ్గరే హెడ్మాస్టారు చదవడం ఆపి మిఠాయి తెప్పించారు. మిగతాది చదివేసరికి మిఠాయి నోట్లో ఉంది. పాపం, మింగలేక కక్కలేక నిలబడ్డారు.

గంట కోటా అంటే ఏమిటో ఇక్కడ అందరికీ తెలుసు. గంట మాత్రమే చలువ ఉన్న గదిని పదింటికల్లా మూసెయ్యాలి. మూసేసిన గది పిల్లల్ని బస్సెక్కించి నలభై కిలోమీటర్ల దూరంలోని పట్నం చలువబడికి పంపుతారు. బస్సు పొద్దున ఐదున్నరకు.

పొడుగు తుషార వాళ్లమ్మ సోలార్ పలకలు కడిగే పనికి నాలుగింటికే వెళ్లిపోతుంది. రెండో తరగతి చదివే తమ్ముణ్ణి లేపి, తినిపించి, మా బడికి తీసుకొచ్చేదీ, తిరిగి తీసుకెళ్లేదీ ఈ పిల్లే. సాయంత్రం నేను తడికలు విప్పుతుంటే నా పక్కన వచ్చి నిలబడింది.

“బస్సయితే నేను మానేస్తా సార్. మావోణ్ణి ఎవురు చూస్తారు?”

ఏడుస్తూ చెప్పి ఉంటే ఓదార్చేవాణ్ణి. టైం ఎంతైందో చెప్పినట్టు చెప్పింది. నాకు అన్నం సయించలేదు.

ఈ పిల్ల కూర్చునేది ఆరో బెంచీలో, పడమటి గోడ పక్కన. ఎత్తును బట్టి కూర్చోబెట్టడం హెడ్మాస్టారి పద్ధతి, పొడుగ్గా పెరగడం ఆ పిల్ల చేసిన నేరం. పోయిన ఏడు ఇదే నెలలో లెక్కల క్లాసులో కళ్లు తిరిగి పడిపోయింది. పొద్దున అన్నం తినకుండా వచ్చి ఉంటుందని తేల్చేశాం. గదిలో ముప్పై డిగ్రీలే ఉన్నట్టు ఇదే పుస్తకంలో నా చేత్తో రాశాను.

జూలై 14, సోమవారం. బయట 46. గదిలో 30.

తరగతిని సమావేశపరిచి ఉన్నమాట చెప్పాను. చల్లారావు ఎంత సుఖపడితే మనకు అంత నష్టం. విసరడం ఆపండి, మజ్జిగ ఆపండి, తువ్వాలు తీసేయండి. ఇంకో ఐదు రోజులు వాడు కష్టపడితే మీ గది మీకుంటుంది.

“అట్టాగే సార్” అన్నారు ముప్పై ఒక్క మందీ ఒకే గొంతుతో. అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావలసింది.

రెండింటికి కిటికీ సందులోంచి చూశాను. చల్లారావు, “నాకు ఉక్కగా ఉన్నది” అన్నాడు. ఎవరూ కదల్లేదు. పది నిమిషాల తర్వాత, “భరించలేకపోతున్నాను” అన్నాడు. మంచుకొండ నాయుడి కళ్లలో నీళ్లు తిరిగాయి. మరుక్షణం నాలుగు బెంచీల నుంచి నాలుగు అట్టలు లేచాయి. ఇంకొకడు తన సీసాలో నీళ్లు చల్లారావు నెత్తిన పోశాడు. పరిగెత్తుకెళ్లి తిట్టాను.

“ఒక్కసారే సార్” అంది ఒక హిమజ. “అట్టా అంటా ఉంటే ఇనలేకపోతున్నాం సార్.”

పైగా వంతులు వేసుకున్నారట, ఎవరెప్పుడు విసరాలో ఒక కాగితం కూడా దొరికింది. ఇంత పద్ధతిగా హోంవర్కు ఎప్పుడైనా చేశారా అని అడిగాను. ఇవాళ్టి సౌఖ్యం నూటికి తొంభై ఏడు.

జూలై 15, మంగళవారం. బయట 46. గదిలో 30.

హెడ్మాస్టారికి ఉపాయం తట్టింది. ఆయనకు ఉపాయం తట్టిందంటే నాకు జ్వరం తగులుతుంది.

ఆయన ఇంట్లో సన్మానాల్లో వచ్చిన శాలువాలు నలభై ఆరు ఉన్నాయి. నలభై అయిదు డిగ్రీల ఎండలో మనిషికి ఉన్ని శాలువా కప్పి గౌరవించే జాతి ప్రపంచంలో మనదొక్కటే. ఆయన మూడు పట్టుకొచ్చారు. “చెడగొట్టడం కాదండీ, సన్మానం చేస్తున్నాం. దీన్ని ఎవరూ తప్పు పట్టలేరు” అన్నారు. ప్రార్థన అయ్యాక పిల్లల చేత చప్పట్లు కొట్టించి, చల్లారావుకు మూడు శాలువాలూ కప్పి, ఒక బంతిపూల దండ వేసి, నాలుగు మాటలు మాట్లాడారు. నాలుగు మాటలంటే ఆయన లెక్కలో ముప్పావుగంట.

ఫలితం వెంటనే కనిపించింది. చలువ నడుస్తున్న వేళ, స్వర్గంలో కూర్చుని, చల్లారావు, “భరించలేకపోతున్నాను” అన్నాడు. హెడ్మాస్టారు నావైపు గర్వంగా చూశారు. తర్వాతి మాట విని ఆ గర్వం దిగిపోయింది. “నాపై యూనిఫాం కాని వస్త్రములు గలవు. బోర్డుకు తెలియజేయుచున్నాను.”

సాయంత్రానికి నోటీసు. గోరుచుట్టు మీద రోకటిపోటు. ‘ప్రథమ హెచ్చరిక. మరల జరిగినచో కోటా పూర్తిగా రద్దు. శుక్రవారము పరిశీలనాధికారిణి స్వయముగా వచ్చి తుది నిర్ణయము తీసుకొందురు.’ ఇప్పుడు మాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి.

జూలై 16, బుధవారం. బయట 47. గదిలో 30.

అధికారులు వస్తే ఏం చూస్తారో తెలుసుకుందామని పాత సందర్శకుల పుస్తకం తీశాను. ఏడో తరగతి గదిని చూసి వెళ్లిన అధికారుల రాతలు పంతొమ్మిదేళ్లవి ఉన్నాయి. ‘గది ఆహ్లాదకరముగా ఉన్నది.’ ‘చల్లని వాతావరణములో పిల్లలు చదువుకొనుట సంతోషము.’ ‘ఇంకేమియు అవసరము లేదు. కొబ్బరినీళ్లు ప్రశస్తముగా ఉన్నవి.’ ‘గదికి ఎట్టి లోటు లేదు. మస్తానమ్మ గారి మజ్జిగ మరువలేనిది.’

నాలుగోది చదివేసరికి విషయం బోధపడింది. వచ్చిన ప్రతివాణ్ణీ తీసుకెళ్లి కిటికీ పక్కనే కూర్చోబెట్టాం. చేతిలో కొబ్బరిబొండం పెట్టి, వెనక నిలబడి విసిరాం. వాళ్లు మాత్రం ఏం రాస్తారు? పంతొమ్మిదేళ్లుగా వాళ్లు కొలిచింది మా మర్యాదను. గదిని ఒక్కడూ కొలవలేదు.

అప్పుడు ఇంకొకటి గుర్తొచ్చింది. గోడమీది థర్మామీటరు కోసం చూశాను. అది కిటికీ పక్కన, గొట్టం కింద ఉంది. పదకొండేళ్ల కింద దాన్ని అక్కడ తగిలించింది నేనే. చదవడానికి వెళ్లినప్పుడు కాస్త చల్లగా ఉంటుందని.

మధ్యాహ్నం రెండింటికి దాన్ని మేకు నుంచి తీసి, ఆరో బెంచీ దగ్గరికి తీసుకెళ్లి, తుషార తల పక్కన పట్టుకుని నిలబడ్డాను. ముప్పై తొమ్మిది. పడమటి గోడమీద చెయ్యి వేసి తీసేశాను. ఆ గోడకు బయట ముదురెరుపు రంగు వేసి, దాతల పేర్లు పసుపచ్చ అక్షరాల్లో రాయించారు. మధ్యాహ్నం అయ్యేసరికి దానిమీద అప్పడం కాలుతుంది. సున్నం కొట్టిద్దామని ఐదేళ్లుగా అడుగుతున్నాను. “దాతల పేర్ల మీద సున్నమా? ఊళ్లో తలెత్తుకోవద్దూ?” అని హెడ్మాస్టారు చెవులు మూసుకుంటారు.

“ఏంది సార్, నాకు జరమా?” అంది తుషార, థర్మామీటరు చూసి.

“జ్వరం నీకు కాదమ్మా” అన్నాను. పోయిన ఏడు ఆ పిల్ల అన్నం తినే వచ్చింది. నాకు సిగ్గేసింది.

జూలై 17, గురువారం. బయట 46. కిటికీ పక్క 30. ఆరో బెంచీ 39.

ఇకనుంచి రెండూ రాస్తాను.

నా ఆలోచన చాలా చిన్నది. రేపు వచ్చే అధికారిణి పర్వీన్ గారిని ఆరో బెంచీలో ఒక్క పీరియడ్ కూర్చోమని అడగాలి. అంతే. కొబ్బరినీళ్లు వద్దు, విసరడం వద్దు, మజ్జిగ వద్దు. పిల్లలకు ఏముంటుందో ఆవిడకూ అదే. ఇందులో దొంగతనం లేదు, దాపరికం లేదు.

నాలుగు శాలువాల బరువు నెత్తిన పెట్టినట్టు హెడ్మాస్టారు కుంగిపోయారు. “జిల్లా అధికారిణికి మంచినీళ్లు కూడా ఇవ్వకుండానా? దేవదానం గారూ, నన్ను సెలవు పెట్టుకోనివ్వండి.”

మస్తానమ్మ చేతిలో గరిటె ఉండగా నేను ఈ మాట ఎత్తి ఉండాల్సింది కాదు. “గడప తొక్కిన మనిషికి నీళ్లియ్యకుండా కూకోబెట్టమంటావా? మా అమ్మ పస్తుండి కూడా వచ్చినోళ్లకి గంజి పోసింది. నావల్ల కాదు పో.”

“ఆ మజ్జిగే మన పిల్లల చలువ తాగేస్తోంది మస్తానమ్మా” అని పాత పుస్తకంలో ఆవిడ పేరున్న పేజీ చదివి వినిపించాను. మొదట మురిసిపోయింది. తర్వాత అర్థమై గరిటె కింద పెట్టేసింది. తన మజ్జిగ బాగుందన్న మెప్పు ఆవిడకు పదేళ్ల తర్వాత తెలిసింది, అదీ ఇలా.

“ఎంతసేపు?” అంది చివరికి.

“నలభై నిమిషాలు.”

“అంతకు మించి ఒక్క నిమిషం ఆగను. ముందే చెప్తన్నా.”

జూలై 18, శుక్రవారం. బయట 47. కిటికీ పక్క 31. ఆరో బెంచీ 40.

పర్వీన్ గారు రెండింటికి దిగారు. బక్కపలచటి మనిషి, మాట కత్తితో కోసినట్టు ఉంటుంది. నమస్కారం అయ్యాక నేను పాత పుస్తకం చూపించి, థర్మామీటరు సంగతి కూడా ఒప్పుకుని, ఆరో బెంచీలో కూర్చోమని అడిగాను.

“నా పని యంత్రం లెక్క చూడటం. అది తొంభై ఆరు అంటోంది. పంతొమ్మిదేళ్ల రికార్డు అదే అంటోంది. నిన్నగాక మొన్న దానికి శాలువాలు కప్పి మోసం చేయబోయారు. మీ మాట నేనెందుకు నమ్మాలి?” అన్నారు.

ఆవిడ కిటికీ పక్కకు, చల్లారావు బెంచీ వైపు నడిచారు. అప్పుడు వెనక నుంచి తుషార లేచింది.

“మేడం, నా చోట్లో కూకోండి. ఇక్కణ్ణించి బోర్డు బాగా కనపడుద్ది.”

అక్కణ్ణించి బోర్డు సగమే కనిపిస్తుంది. కానీ ఒక పిల్ల లేచి తన చోటిస్తే కాదనడం ఎవరికి సాధ్యం? పర్వీన్ గారు ఒక్క క్షణం ఆలోచించి వెళ్లి కూర్చున్నారు. తుషార వచ్చి చల్లారావు పక్కన కూర్చుంది. పుట్టినరోజు అని అబద్ధం చెప్పకుండా ఆ చోటికి చేరిన మొదటి విద్యార్థి ఆ పిల్లే.

రెండూ పది. లెక్కల మాస్టారు పాఠం మొదలుపెట్టారు. పర్వీన్ గారు తన తెర పలక మీద వేలితో ఏదో రాసుకుంటున్నారు.

రెండూ పదిహేను. కిటికీ పక్క, పిల్లలు వంతు ప్రకారం విసురుతున్న అట్టల గాలిలో చల్లారావు, “నాకు హాయిగా ఉన్నది” అన్నాడు.

రెండూ ఇరవై. పర్వీన్ గారు గోడకు ఆనుకోబోయి ఉలిక్కిపడి ముందుకు జరిగారు. “ఈ గోడకేమైంది?” అన్నారు. “దాతలండీ” అన్నారు హెడ్మాస్టారు గుమ్మంలోంచి, నీరసంగా. వీపు వెనక ఆయన చేతిలో కొబ్బరిబొండం ఉంది. కళ్లతోనే బతిమాలాను, వెళ్లిపోయారు.

రెండూ ముప్పై. ఆవిడ పక్కనున్న హిమజ చెయ్యి దానంతటదే అట్ట మీదికి పోయింది. తుషార వెనక్కి తిరిగి ఒక్క చూపు చూసింది. చెయ్యి వెనక్కొచ్చింది. ఆ హిమజ ఎంత బాధపడిందో నాకు తెలుసు, ఎందుకంటే నా చెయ్యీ అలాగే లేవబోయింది.

రెండూ ముప్పై ఐదు. “నాకు హాయిగా ఉన్నది” అన్నాడు చల్లారావు.

రెండూ నలభై. పర్వీన్ గారి చెమట పలక మీద పడి అక్షరాలు వాటంతటవే మారిపోతున్నాయి. తుడుస్తున్నారు, మళ్లీ పడుతోంది. లెక్కల మాస్టారు ఆవిడను చూడకుండా ఉండటానికి బోర్డు వైపే తిరిగి చెబుతున్నారు.

రెండూ యాభై ఐదు. “నాకు హాయిగా ఉన్నది. ఉష్ణము సమంజసముగా ఉన్నది.”

“ఎవరైనా వాడి నోరు మూయించండి!” అన్నారు పర్వీన్ గారు.

తరగతంతా గొల్లుమంది. నవ్వు ఆగేలోపే తలుపు దభాలున తెరుచుకుని మస్తానమ్మ వచ్చింది, చేతిలో చెంబుతో. “నలభై అయినయ్యి. ఐదు నిమిషాలు ఎక్కువే ఓర్చుకున్నా. ఇంక నన్ను ఎవురేమన్నా సరే” అంటూ చెంబు ఆవిడ చేతిలో పెట్టింది. పర్వీన్ గారు చెంబెత్తి దించకుండా తాగారు. తాగి, కొంగుతో మొహం తుడుచుకున్నారు.

“రోజూ ఎన్ని పీరియడ్లు ఇక్కడ కూర్చుంటావమ్మా?” అని తుషారను అడిగారు.

“చలువ ఐపోయినాక రెండు మేడం. బుధవారం మూడు.”

ఆవిడ నావైపు తిరిగారు. “రోజువారీ పుస్తకం ఏదీ? ఇలా ఇవ్వండి.”

పదకొండేళ్లలో ఎవరూ అడగని పుస్తకం. బోర్డును ఏమేం అన్నానో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. ఉట్టి, స్వర్గం, గొట్టం మూత. ఆవిడ అక్కడే, ఆరో బెంచీలోనే కూర్చుని, ఏడో తారీకు నుంచి మొత్తం చదివారు. నేను కుక్కిన పేనులా నిలబడ్డాను. ఒకచోట నవ్వినట్టనిపించింది. పోయిన శుక్రవారం పేజీ దగ్గర చాలాసేపు ఆగి, తలెత్తి తుషారను చూశారు.

“మూడు వాక్యాలకు మించి రాయకూడదని నిబంధన ఉంది, తెలుసుగా?”

“తెలుసండి.”

“మించి రాసినవే పనికొచ్చాయి” అని కింద ఆవిడే రాశారు. ఆ రాత ఇది: ‘చదివితిని. కోటా తగ్గింపు నిలుపుదల చేయడమైనది. పడమటి గోడకు వెలుపల వెంటనే సున్నము వేయవలెను, తాటాకు తడికలు కట్టవలెను. చలువ గొట్టమును ఆరవ బెంచీ వైపునకు మరల్చవలెను. గొట్టము మూత పంపబడును. పర్వీన్.’

జూలై 22, మంగళవారం. బయట 46. కిటికీ పక్క 32. ఆరో బెంచీ 34.

అదే నాలుగు గంటల కోటా. ఒక్క నిమిషం చలువ ఎక్కువ ఖర్చు కాలేదు. బస్తా సున్నం, ముప్పై తాటాకులు, గొట్టానికి ఒక వంపు, అంతే. పదకొండేళ్లు ఆ పిల్లల్ని ఉడికించామన్న మాట తలుచుకుంటే నామీద నాకే ఒళ్లు మండుతోంది. థర్మామీటరు ఇప్పుడు ఆరో బెంచీ మీదే ఉంది, మేకు కొట్టింది తుషార.

గోడకు సున్నం పడుతున్నంతసేపూ హెడ్మాస్టారు లోపలే కూర్చున్నారు. దాతల పేర్లు లోపల కిటికీ పక్కన చిన్న అక్షరాల్లో రాయిద్దామన్నాను. “అక్కడైతే వాళ్లకూ చల్లగా ఉంటుంది” అని ఒప్పుకున్నారు. మూత ఇంకా రాలేదు.

మధ్యాహ్నం చల్లారావును పెట్టెలో సర్దాం, వేరే ఊరి బడికి వెళుతున్నాడు. మేకులు కొట్టే ముందు చూస్తే వాడి తువ్వాలు మడతలో ఒక కాగితం కనిపించింది. పెట్టెలో బయటి కాగితాలు ఉండకూడదని నిబంధన. చదివి, ఉన్నచోటే పెట్టి, మేకులు కొట్టేశాను. తుషార రాతలో ఇలా ఉంది:

‘ఈ పెట్టె తెరిచే పిల్లలకు. వీడి పేరు చల్లారావు. పిలిస్తే పలకడు కానీ ఇంటాడు. వీణ్ణి కిటికీ పక్కన కూకోబెట్టబాకండి. మీలో ఎవురికి ఎక్కువ ఉక్కగా ఉంటదో ఆళ్ల పక్కన కూకోబెట్టండి. భరించలేకపోతున్నాను అంటాడు. పాపం అనిపిస్తది. మాకూ అనిపించింది. అయినా విసరబాకండి, పది రోజులు ఓర్చుకోండి. పదో రోజు బడి వదిలినాక మజ్జిగ పొయ్యండి. ఉప్పు కాస్త ఎక్కువ వెయ్యండి, వాడికి అట్టాగే ఇష్టం.’